గోరఖ్‌పూర్ నుంచి రోడ్డు మీద ఖాట్మండు, తిరుగు ప్రయాణం విమానంలో: 19 మందికి బండి, కాగితాలు ఎలా?

హోరమావు పద్మ
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో శనివారం శనివారం విష్ణుసహస్రనామం చదువుకునే బృందం ఉంది. 19 మందిమి అక్టోబర్ చివర్లో నేపాల్‌లోని ముక్తినాథ్ గుడికి వెళ్దామని కూర్చున్నాం. దాదాపు అందరూ 55 దాటినవాళ్ళే. ఇద్దరికి మోకాళ్ళ నొప్పులు, నలుగురికి షుగరు.

అనుకున్నది ఇదీ: యశ్వంత్‌పూర్‌లో గోరఖ్‌పూర్ రైలెక్కుతాం. అక్కడ బస్సు మాట్లాడుకుని సునౌలి దగ్గర సరిహద్దు దాటి లుంబిని, పోఖరా, ముక్తినాథ్, ఆఖరున ఖాట్మండులో పశుపతినాథుడి దర్శనం. మళ్ళీ అంత దూరం రైల్లో కూర్చునే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి ఖాట్మండు నుంచి ఢిల్లీ మీదుగా విమానంలో బెంగళూరు.

బస్సు దగ్గరే చిక్కొచ్చింది. గోరఖ్‌పూర్‌లో ఇద్దరిని ఫోన్లో అడిగాను. మమ్మల్ని ఖాట్మండులో దింపేసినా, బండి ఖాళీగా వెనక్కి వచ్చే కిలోమీటర్లకీ, డ్రైవర్ బత్తాకీ మేమే కట్టాలట. పైగా నేపాల్‌లో బండి ఉన్నన్ని రోజులూ రోజువారీ పర్మిట్ డబ్బులు వేరే. లెక్క తడిసి మోపెడవుతోంది. ఇలా ఒకవైపే వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

బెళ్లందూరు బాటసారి
పద్మగారూ, అసలు ఇక్కడి బస్సు సరిహద్దు దాటాల్సిన పనేముంది? సునౌలి దాకా ఒక బండి, అవతల నుంచి నేపాల్ బండి. గేటు నడిచి దాటడమే. అవతలి ఊరు బెలహియా, దాన్ని ఆనుకునే భైరహవా. మేం 2023లో 11 మందిమి అలాగే వెళ్ళాం. గోరఖ్‌పూర్ నుంచి సునౌలి వంద కిలోమీటర్లలోపే. ఆ బండివాడికి అదే రోజు తిరుగు బేరం దొరుకుతుంది కాబట్టి రిటర్న్ గొడవ లేదు.

మన బస్సులకుండే ఆల్ ఇండియా పర్మిట్ అక్కడ చెల్లదు. ఇక్కడి బండి వెళ్ళాలంటే నేపాల్ కస్టమ్స్‌లో భన్సార్ అని రోజుల లెక్కన కట్టాలి, రూట్ పర్మిట్ తీసుకోవాలి. ముక్తినాథ్‌లో ఒక రోజు మబ్బు పట్టి ఆగిపోయారంటే ఆ రోజుక్కూడా మీటరు తిరుగుతూనే ఉంటుంది.

కేఆర్‌పురం పాతకాపు
బాటసారి చెప్పింది కరెక్టు. నేపాల్ బండి మాట్లాడేటప్పుడు ఖాట్మండు వాళ్ళతోనే మాట్లాడండి, భైరహవా వాళ్ళతో కాదు. ఖాట్మండు బండి మిమ్మల్ని ఎక్కించుకోవడానికి కిందికి రావాలి, నిజమే. కానీ అక్కడి నుంచి లుంబినికి మనుషుల్ని తెచ్చే బళ్ళు ఎప్పుడూ ఉంటాయి. అలా దింపేసి ఖాళీగా ఉన్న బండి దొరికిందంటే, వాడికి మీరే రిటర్న్ బేరం. మాకు రేటు అక్కడే తగ్గింది.

మారతహళ్లి మామయ్య
మేం ఆరుగురం ఆధార్ కార్డులతో వెళ్ళి వచ్చేశాం. ఎవడూ ఏమీ అడగలేదు. అనవసరంగా టెన్షన్ పడకండి.

జేపీనగర్ లెక్కల టీచర్
మామయ్యగారూ, మీరు వచ్చింది కూడా రోడ్డు మీదేనా?

మారతహళ్లి మామయ్య
అవును, రక్సౌల్ మీదుగా. ఏం?

జేపీనగర్ లెక్కల టీచర్
తేడా అంతా అక్కడే ఉంది. భూసరిహద్దులో రోజూ వేలమంది అటూ ఇటూ నడుస్తుంటారు, అందరినీ ఆపి చూడరు. విమానాశ్రయంలో ప్రతి ఒక్కరినీ చూస్తారు. నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు గానీ గుర్తింపు కావాలి: చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్ట్, లేదా ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటర్ కార్డు. 65 దాటినవాళ్ళకి, 15 లోపు పిల్లలకి మాత్రం వయసు, ఫొటో తెలిసే వేరే కార్డు సరిపోతుంది, ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి. మధ్య వయసువాళ్ళకి ఆధార్ ఒక్కటే ఉంటే ఖాట్మండులో బోర్డింగ్ పాస్ ఇచ్చే కౌంటర్ దగ్గరే ఆగిపోతారు.

రోడ్డు మీద వెళ్ళి రోడ్డు మీద వచ్చేవాళ్ళ అనుభవం మీకు పనికిరాదు పద్మగారూ. మీ కాగితాల్ని ముందు సునౌలి కోసం కాదు, ఖాట్మండు విమానాశ్రయం కోసం సరిచూసుకోండి.

హోరమావు పద్మ
అమ్మో, మంచి మాట చెప్పారు. నిన్న రాత్రే జాబితా రాశాను. 19 మందిలో 11 మందికి పాస్‌పోర్టులున్నాయి. ఒకాయనది మొన్న జూన్‌లో గడువు అయిపోయింది, ఆయనకే తెలియదు. ఐదుగురికి 65 దాటాయి. మిగతా ముగ్గురిలో ఇద్దరికి ఓటర్ కార్డులున్నాయట, కానీ ఒకరిది ఒంగోలులో అత్తగారి బీరువాలో, ఇంకొకరిది అనంతపురంలో. మూడో ఆవిడ మా సరళ పిన్ని, వయసు 63. ఆధార్ తప్ప ఏమీ లేదు. ఓటు ఎప్పుడో ఊళ్ళో ఉండేది, ఇల్లు అమ్మేశాక జాబితాలో పేరు తీసేశారట.

ఇంకో సంగతి. మా కోశాధికారి గారి అమ్మాయి అమెరికా పౌరురాలు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్ళకి ఇచ్చేది) ఉంది. సెలవులకి వస్తోంది, తనూ వస్తానంటోంది.

బెళ్లందూరు బాటసారి
పిన్నిగారికి పాస్‌పోర్ట్ తీయించడమే మేలు. బెంగళూరులోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రాలున్నాయి. వృద్ధాప్యంలో ఎందుకులే అంటారు, వినకండి. జూన్‌లో గడువు తీరినాయన కూడా అదే రోజుకి స్లాట్ పెట్టుకుంటే ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్ళొస్తారు.

సర్జాపూర్ శ్రీవల్లి
ఓసీఐ అమ్మాయి విషయంలో చాలా జాగ్రత్త అక్కా! మా మరిది విషయంలో చేతులు కాల్చుకున్నాం. ఓసీఐ ఉందంటే ఇండియాలోకి రావడానికి వీసా అక్కర్లేదని మాత్రమే. నేపాల్ దృష్టిలో ఆ అమ్మాయి అమెరికన్. వీసా కావాల్సిందే, సరిహద్దులోనే ఇస్తారు. 15 రోజులకి 30 డాలర్లు, 30 రోజులకి 50. డాలర్లు నోట్లుగా, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు దగ్గర ఉంచుకోండి.

వీసా కంటే ముందు చేయాల్సింది ఇంకోటి ఉంది. సునౌలిలో మన వైపు ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో బయటికి వెళ్తున్నట్టు ముద్ర వేయించుకోవాలి. ఆఫీసు రోడ్డు పక్కన మామూలు గదిలా ఉంటుంది, లారీల మధ్య కనిపించదు. మిగతా 19 మందికి అక్కడ పనుండదు కాబట్టి గుంపు ముందుకెళ్ళిపోతుంది, అమ్మాయి కూడా వెనకాలే నడుస్తుంది. మేం చేసింది అదే. భైరహవాలో టీ తాగుతుంటే గుర్తొచ్చింది. మళ్ళీ వెనక్కి, రెండు ముద్రలూ వేయించుకుని వచ్చేసరికి మూడు గంటలు. గుర్తు రాకపోయుంటే ఖాట్మండు నుంచి బయటపడేటప్పుడు, అసలు నువ్వు నేపాల్‌లోకి ఎప్పుడొచ్చావు అని అడిగితే చూపించడానికి ఏమీ ఉండేది కాదు.

మారతహళ్లి మామయ్య
సరేనమ్మా, నా మాట వెనక్కి తీసుకుంటున్నా 😀 విమానం సంగతి ఆలోచించలేదు. డబ్బు గురించి మాత్రం నా అనుభవం వినండి. మన వంద నేపాల్‌లో 160. మార్పు లేదు, అక్కడి పిల్లాడిని అడిగినా చెప్తాడు. కానీ 2018 డిసెంబర్‌లో వాళ్ళు మన 200, 500, 2000 నోట్ల మీద నిషేధం పెట్టారు. ఆ రూలు ఎప్పుడెలా మారినా, కొండ మీద చిల్లర కొట్టువాడితో రూల్ బుక్ గురించి వాదించలేం. బెంగళూరులోనే బ్యాంకుకెళ్ళి వంద నోట్ల కట్టలు తీసుకోండి. మా ఆవిడ బ్లౌజ్ పీసులో మూటగట్టి నడుముకి కట్టుకుంది, బెల్ట్ బాంబులాగా ఉందని మా మనవడు ఒకటే నవ్వు.

కోరమంగల కుర్రోడు
పెద్ద ఊళ్ళలో యూపీఐ కూడా నడుస్తుంది అంకుల్. 2024 మార్చి నుంచి అక్కడి ఫోన్‌పే నెట్‌వర్క్ క్యూఆర్ కోడ్‌లని మన యాప్‌లతో స్కాన్ చేయొచ్చు. మన ఫోన్‌పే కాదు, పేరు మాత్రం వినడానికి ఒకటే. కానీ దానికి ఇంటర్నెట్ కావాలి, మన సిమ్ రోమింగ్ లేకుండా పనిచేయదు. కాబట్టి కొండ మీదికి నోట్లే.

కేఆర్‌పురం పాతకాపు
పద్మగారూ, అక్టోబర్ చివర అంటున్నారు. పంచాంగం చూశారా? నేపాల్‌లో దశైం మనకి సంక్రాంతి లాంటిది. ఖాట్మండు సగం ఖాళీ అయి ఊళ్ళకి పోతుంది. బళ్ళు దొరకవు, దొరికినా చెప్పిందే రేటు. అది అయ్యాక తిహార్, అంటే వాళ్ళ దీపావళి. ఇటు చూస్తే దీపావళికి, ఛఠ్ పండక్కి బెంగళూరులో ఉన్న గోరఖ్‌పూర్ వాళ్ళందరూ అదే రైల్లో ఉంటారు. రిజర్వేషన్ బోగీలో కూడా కాలు పెట్టే చోటుండదు.

ఛఠ్ దాటనివ్వండి. అప్పుడు రద్దీ అంతా గోరఖ్‌పూర్ నుంచి ఇటు వచ్చే రైళ్ళలో ఉంటుంది, అటు వెళ్ళే రైళ్ళు తేలికపడతాయి. వెళ్ళి రావాలనుకునే వాళ్ళకి ఎటోవైపు దెబ్బే. మీరు రైల్లో వచ్చేది లేదు కాబట్టి మీకు ఒకవైపు లాభమే మిగులుతుంది. నవంబర్ మధ్యలో ముక్తినాథ్ దగ్గర చలి కొరుకుతుంది, కానీ ఆకాశం అద్దంలా ఉంటుంది.

హోరమావు పద్మ
ఇది ఎవరూ చెప్పలేదు నాకు! నవంబర్‌కి మార్చేస్తున్నాం. రైలు బుకింగ్ 60 రోజుల ముందే కదా తెరుస్తారు, టైముంది. ఒక్కో టికెట్‌లో ఆరుగురికే వస్తుంది కాబట్టి నలుగురు నాలుగు ఫోన్లు పట్టుకుని కూర్చుంటాం.

ఇంకొక పెద్ద గొడవ, నవ్వకండి. వంట. మావాళ్ళు సగం మంది బయటి ఉల్లిపాయ తినరు. వంట మాస్టర్‌ని, గిన్నెల్ని తీసుకెళ్దామని మా కార్యదర్శి పట్టు. నేనన్నాను, వెళ్ళేటప్పుడు రైల్లో సర్దేస్తాం, వచ్చేటప్పుడు ఆ ఇడ్లీ పాత్రని విమానంలో ఎవరు తెస్తారండీ అని. ఇంకా తేలలేదు.

సర్జాపూర్ శ్రీవల్లి
హహహ! మేం అయోధ్య వెళ్ళినప్పుడు ఇదే రామాయణం. పోఖరా, ఖాట్మండుల్లో శాకాహార హోటళ్ళు బోలెడు. దాల్ భాత్ ఎక్కడైనా దొరుకుతుంది. అన్నం, పప్పు, కూర, మళ్ళీ మళ్ళీ వడ్డిస్తారు. ఉల్లి వద్దంటే ముందే చెప్పాలి అంతే. మీరు తీసుకెళ్ళాల్సింది పొడులు, ఊరగాయ, అటుకులు. ఆవకాయ తిరిగొచ్చేటప్పుడు మిగిలితే చేతి బ్యాగులో పెట్టుకోకండి, నూనె ఉందని సెక్యూరిటీలో తీసేస్తారు.

రాజాజీనగర్ డాక్టరమ్మ
కొంచెం ఆరోగ్యం సంగతి. పోఖరా 800 మీటర్లు, ముక్తినాథ్ దాదాపు 3,700 మీటర్లు. విమానంలో జోమ్‌సోమ్ దిగి అదే పూట పైకి జీపులో పోవడం చాలా గుంపులు చేస్తున్న తప్పు. జోమ్‌సోమ్ 2,700 మీటర్ల దగ్గర ఉంటుంది. ఒక రాత్రి అక్కడో, మార్ఫాలోనో పడుకోండి. పొద్దున పైకెళ్ళి దర్శనం చేసుకుని మధ్యాహ్నానికి దిగిపోండి. తలనొప్పి, వాంతి, మగతగా ఉండటం... వీటిలో ఏది వచ్చినా గుడి సంగతి తర్వాత, ముందు కిందికి.

కొండెత్తులో వచ్చే ఇబ్బందికి వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి ఎవరో ఒకరు వాట్సాప్‌లో పంపిస్తారు. మీ డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. సల్ఫా మందులు పడనివాళ్ళకి అది పడకపోవచ్చు, మూత్రం ఎక్కువ చేస్తుంది కాబట్టి బీపీ మందులతో కలిపి చూసుకోవాలి. ఇన్సులిన్ గడ్డకట్టకుండా ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. ముక్తినాథ్ గుడి దగ్గరి 108 నీటి ధారల కింద స్నానం చేసి తీరతామనే వాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు గానీ, గుండె జబ్బున్నవాళ్ళు నెత్తిన చల్లుకుంటే చాలు.

హోరమావు పద్మ
డాక్టర్‌గారూ, 19 మందిలో 19 మంది స్నానం చేస్తామంటున్నారు 🙏 దివ్యదేశం కదా. మీ పోస్టు ప్రింటు తీసి లిఫ్టులో అంటించాను.

జేపీనగర్ లెక్కల టీచర్
రెండు లెక్కలు చెప్పి ఊరుకుంటాను. మొదటిది, ఖాట్మండు విమానానికి ముందు ఒక రోజు పూర్తిగా ఖాళీగా ఉంచండి. పోఖరా నుంచి జోమ్‌సోమ్ విమానాలు పొద్దుటే ఎగురుతాయి, తర్వాత లోయలో గాలి లేస్తుంది. ఆ రోజు రద్దయితే రోడ్డే గతి. తిరుగు టికెట్ రోడ్డు మీద వచ్చేవాళ్ళకి సాగే రబ్బరు, మీకు అది మేకు. 2025 సెప్టెంబర్‌లో ఆందోళనలప్పుడు ఖాట్మండు విమానాశ్రయమే మూసేశారు, కాబట్టి తేదీ మార్చుకునే వీలున్న టికెట్‌కి కొంచెం ఎక్కువైనా పెట్టండి.

రెండోది, ప్యాకేజీగా ఒకరికే మొత్తం అప్పజెప్తే టీసీఎస్ అని ముందే పట్టుకునే ఆదాయపు పన్ను కొంత శాతం కలుపుతారు. విదేశీ ప్యాకేజీ కాబట్టి నేపాల్‌కైనా వర్తిస్తుంది. అది పోయేది కాదు, మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుకోవచ్చు. పెన్షనర్లు కొందరు రిటర్న్ వేయరు, వాళ్ళకి ముందే చెప్పండి. లేకపోతే యాత్ర నుంచి వచ్చాక మీ మీద పడతారు.

కోరమంగల కుర్రోడు
అక్కా, వచ్చేటప్పుడు జనక్‌పూర్ కలుపుకోవచ్చు కదా? సీతమ్మ పుట్టిల్లు! జయనగర్ నుంచి రైలు కూడా ఉంది.

బెళ్లందూరు బాటసారి
బాబూ, ఆ జయనగర్ మన బెంగళూరు జయనగర్ ఫోర్త్ బ్లాక్ కాదు, బీహార్‌లోది. వాళ్ళు పోఖరా నుంచి పడమటి కొండలెక్కి వస్తున్నారు. జనక్‌పూర్ తూర్పున తెరాయి మైదానంలో ఉంది. ఇంకో యాత్ర అవుతుంది అది.

హోరమావు పద్మ
(నవంబర్ ఆఖరు)
వచ్చేశామండి! అందరం క్షేమం. చెప్తానని మాటిచ్చాను కాబట్టి రాస్తున్నా.

రైలు పాతకాపు గారు చెప్పినట్టే హాయిగా ఉంది. సునౌలి దాకా రెండు టెంపో ట్రావెలర్లు. గేటుకి చాలా ముందే లారీల వరుస మొదలైంది, సామాను సైకిల్ రిక్షాల మీద వేసి మేం నడిచాం. ఓసీఐ అమ్మాయిని నేనూ శ్రీవల్లి గారి పోస్టూ వదలలేదు. ముందు మన ముద్ర, తర్వాత వాళ్ళ వీసా, అయ్యాకే గుంపు కదిలింది. గంటన్నర పట్టింది. గేటు దాటగానే గడియారం పావుగంట ముందుకి. మా కార్యదర్శి గారు ఆఖరు దాకా మార్చుకోలేదు, రోజూ పొద్దున ఆయన కోసమే బస్సు ఆగేది.

బండి ఖాట్మండుదే దొరికింది. లుంబినిలో ముందు రోజే ఎవరినో దింపి మా కోసం ఆగాడు. ఇక్కడి బస్సువాళ్ళు చెప్పిన రేటులో సగం కంటే కొంచెం ఎక్కువ. పెద్ద బస్సు పోఖరాలోనే ఉండిపోయింది, పైకి జీపులు వేరేగా మాట్లాడాం. అన్నపూర్ణ ప్రాంతంలోకి వెళ్ళే పర్మిట్ మనకి వెయ్యి నేపాలీ రూపాయలు, ఆ అమెరికా అమ్మాయికి మూడు వేలు. ఒకే ఇంటి తండ్రీ కూతుళ్ళకి రెండు రేట్లు!

జోమ్‌సోమ్‌కి విమానం ఎక్కాల్సిన ఎనిమిది మందికి గాలి వల్ల రద్దయింది. వాళ్ళనీ జీపుల్లోనే తీసుకెళ్ళాం. బేని దాటాక రోడ్డు గురించి ఏం చెప్పను... కాళీగండకి అంచున, ఒకవైపు కొండ, ఒకవైపు నది, మధ్యలో మా జపం. ఒక రోజు అక్కడే పోయింది. లెక్కల టీచర్ గారూ, మీరు ఉంచమన్న ఖాళీ రోజు సరిగ్గా అక్కడ ఖర్చయింది.

మా 19 మందిలో స్నానాలు పదహారు మంది చేశారు. ముగ్గురం చల్లుకున్నాం, అందులో నేనొకదాన్ని. సరళ పిన్ని 108 ధారలూ పూర్తిచేసి, ఒణుకుతూ వచ్చి, ఇంకోసారి వెళ్ళనా అంది. పశుపతినాథ్‌లో పూజారులు మన కర్ణాటక వాళ్ళే అని వినడమే గానీ, ఒకాయన కన్నడలో పలకరించేసరికి మావాళ్ళకి ఆనందం పట్టలేదు.

విమానాశ్రయంలో ఒక్కొక్కరి కార్డూ చూశారు. 65 దాటిన ఐదుగురివీ ఆధార్ తిప్పి తిప్పి పుట్టిన తేదీ చూశారు. పిన్ని కొత్త పాస్‌పోర్ట్‌లో ఒక్క ముద్రా లేదు, ఒక్కటైనా వేయమని అడిగింది, అతను నవ్వి వేశాడు. మా వెనక వరుసలో వేరే గుంపు, హిందీవాళ్ళు, ఒకాయనకి 58, ఆధార్ మాత్రమే. కౌంటర్‌లో ఒప్పుకోలేదు. మన ఎంబసీకి వెళ్ళి ఒకవైపు ప్రయాణానికి సర్టిఫికెట్ తెచ్చుకోమన్నారు. ఆయన భార్య టికెట్ ఉండి కూడా ఎక్కలేదు, ఆయనతో ఆగిపోయింది.

మారతహళ్లి మామయ్య
ఆ 58 ఏళ్ళాయన నేనే అయ్యుండేవాణ్ణి.

సర్జాపూర్ శ్రీవల్లి
ఇడ్లీ పాత్ర సంగతేమైంది అక్కా?

హోరమావు పద్మ
తీసుకెళ్ళాం! వంట మాస్టర్ రాలేదు, పాత్ర వచ్చింది. పోఖరాలో ఒకరోజు ఇడ్లీ వేశాం, పిండి పులవలేదు చలికి. తిరిగి తేలేక హోటల్ వంటామెకి ఇచ్చేశాం. దాన్ని మోమోలకి వాడుకుంటానంది.

కేఆర్‌పురం పాతకాపు
ఆ డ్రైవర్ నంబర్ ఉంటే పెట్టండి పద్మగారూ, మా బావమరిది వాళ్ళు మార్చిలో వెళ్తారట.

హోరమావు పద్మ
ఇక్కడ పెట్టను, అతన్ని అడగలేదు. మీకు విడిగా పంపిస్తా. మార్చి అంటే వాళ్ళలో ఎవరెవరికి 65 నిండాయో ఇప్పుడే కనుక్కోండి.

కేఆర్‌పురం పాతకాపు
బావమరిదికి ఏప్రిల్‌లో నిండుతాయి.